ఇల్లు మారినా వడ్డీ మారకుండా

పెద్ద ఇంటికి మారదామన్న ఆలోచన మొదలైన రోజున ఇళ్ల ప్రకటనల సైటు రైట్‌మూవ్ తెరవకండి. ముందు పాత మార్ట్‌గేజ్ ఆఫర్ కాగితాలు వెతికి తీయండి. వాటిలో ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఏ తేదీలోపు అప్పు తీర్చేస్తే ఎంత శాతం ఛార్జీ పడుతుందో అందులో రాసి ఉంటుంది. బ్రిటన్‌లో అందరూ ఈఆర్‌సీ అని పిలిచేది దీన్నే. ఐదేళ్లు వడ్డీ మారని ‘ఫిక్స్’ తీసుకుంటే చాలాచోట్ల మొదటి ఏడాది 5 శాతం ఉండి, ఏడాదికొకటి చొప్పున తగ్గుతూ చివరి ఏడాదికి 1 శాతానికి వస్తుంది. మిగిలిన బాకీ 2 లక్షల 30 వేల పౌండ్లు, ఈ ఏడాది ఛార్జీ 3 శాతం అనుకోండి. ఇల్లు అమ్మిన రోజున 6,900 పౌండ్లు బ్యాంకుకు పోతాయి. నలుగురున్న కుటుంబం రెండుసార్లు ఇండియా వెళ్లి రాగల డబ్బు అది.

ఆ డబ్బు కట్టకుండానే ఇల్లు మారే దారి ఉంది. దాని పేరు పోర్టింగ్. ఇప్పుడున్న వడ్డీ రేటును, దాని మిగిలిన గడువుతో సహా, కొత్త ఇంటికి తీసుకెళ్లడం. బ్రిటన్‌లో అమ్ముడయ్యే ఫిక్స్‌డ్ మార్ట్‌గేజుల్లో ఎక్కువ వాటికి ఈ వెసులుబాటు ఉంది. ఆఫర్ లెటర్‌లో ‘పోర్టబుల్’ అన్న మాట చూసి చాలామంది ధైర్యంగా ఇల్లు అమ్మకానికి పెడతారు. ఆ ఒక్క మాట మీద అంత నమ్మకం పెట్టుకోవద్దని చెప్పడానికే ఈ అధ్యాయం.

హౌన్స్‌లో, స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్ లాంటి చోట్ల స్థిరపడిన మనవాళ్ల జీవితంలో ఈ సమస్య వచ్చే తీరు దాదాపు ఒకటే. ఉద్యోగం మీద వచ్చి, కొన్నేళ్లు అద్దెకుండి, చేతిలో ఉన్న డిపాజిట్‌తో రెండు బెడ్‌రూముల ఇల్లు కొంటారు. ఇద్దరు పిల్లలవుతారు. అమ్మానాన్నలు ఆరు నెలల విజిటర్ వీసా మీద వస్తే హాల్లో పరుపులు వేయాల్సి వస్తుంది. అంతలో పెద్ద పిల్ల ఐదో తరగతికి వస్తుంది, మంచి గ్రామర్ స్కూలు ఉన్న ఊరి చిరునామా కావాలనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో సెకండరీ స్కూలు దరఖాస్తుకు చివరి తేదీ అక్టోబర్ 31. ఆ తేదీ తరుముతుంటే మార్ట్‌గేజ్ కాగితాలు చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? ఇల్లు మారాల్సిన అవసరం ఫిక్స్ గడువును అడిగి రాదు.

పైగా బంధువుల సలహాలు. హైదరాబాద్‌లో ఉన్న బావగారు, “ముందే తీర్చేస్తే ఛార్జీ ఏంటి, మాకలాంటివేం లేవే” అంటారు. ఆయన చెప్పేది ఆయన అప్పు విషయంలో నిజమే. ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాలకు ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. డాలస్‌లో ఉన్న చెల్లెలు తనకు ముప్పై ఏళ్లకూ ఒకే వడ్డీ అని, ఇల్లు అమ్మితే పాత అప్పు తీరిపోతుందని, కొత్త ఇంటికి కొత్త అప్పేనని చెబుతుంది. అక్కడ పాత రేటు మోసుకెళ్లే పద్ధతి సాధారణంగా లేదు. టొరంటోలో ఉన్న స్నేహితుడికి పోర్టింగ్ తెలుసు గానీ, అక్కడ ఫిక్స్‌డ్ అప్పుకు ఛార్జీ లెక్కగట్టే పద్ధతే వేరు. మూడు నెలల వడ్డీ, రేట్ల తేడా మీద వచ్చే నష్టం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఎవరి దేశం లెక్క వారిది. మీ అప్పు బ్రిటన్‌లో ఉంది కనుక మీకు పనికొచ్చేది మీ ఆఫర్ లెటర్ ఒక్కటే.

బ్యాంకు ఈ ఛార్జీ ఎందుకు వేస్తుందో తెలిస్తే దానితో మాట్లాడటం తేలికవుతుంది. ఐదేళ్లు వడ్డీ మార్చనని మీకు మాటిచ్చిన బ్యాంకు, ఆ ఐదేళ్లకూ తనకయ్యే ఖర్చును మార్కెట్‌లో ముందే కుదుర్చుకుంటుంది. మీరు మధ్యలో వెళ్లిపోతే ఆ ఏర్పాటు దానికి నష్టం తెస్తుంది. ముందే తీర్చడం వల్ల తనకయ్యే ఖర్చుకు సబబైన అంచనాగా మాత్రమే ఛార్జీ ఉండాలని ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ నియమం. కాబట్టి బతిమాలితే మాఫీ అయ్యే రకం కాదు ఇది. నియమాల్లో ఉన్న దారులు వెతుక్కోవాలి.

పోర్టింగ్‌లో నిజంగా జరిగేది

అప్పు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచి వెళ్లదు. పాత ఇల్లు అమ్మగానే పాత అప్పు పూర్తిగా తీరిపోతుంది. కొత్త ఇంటి మీద కొత్త అప్పు పుడుతుంది. పాతదాని నుంచి వచ్చేది వడ్డీ రేటు, దాని గడువు, ఆ ఛార్జీ షరతులు. అంతే. అప్పు కొత్తది కనుక బ్యాంకు మిమ్మల్ని మొదటిసారి వచ్చిన మనిషిలాగే మళ్లీ పరిశీలిస్తుంది. జీతం, ఖర్చులు, క్రెడిట్ రికార్డు, కొత్త ఇంటి వాల్యుయేషన్ అన్నీ మొదటి నుంచి చూస్తుంది. ‘పోర్టబుల్’ అంటే అడిగే వీలుందని మాత్రమే. ఇచ్చి తీరాలన్న హామీ అందులో లేదు.

ఆ అప్పు తీసుకున్ననాటికి ఇప్పటికి మీ జీవితంలో ఏం మారిందో ఒకసారి కూర్చుని రాసుకోండి. ఇద్దరి జీతాల మీద తీసుకున్నారు, ఇప్పుడు ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారా? పర్మనెంట్ ఉద్యోగం వదిలి కాంట్రాక్టుకు మారారా? కాంట్రాక్టు ఆదాయాన్ని ఒక్కో బ్యాంకు ఒక్కోలా లెక్కిస్తుంది. కారు ఫైనాన్స్ మొదలైందా? నర్సరీ ఫీజు నెలకు ఎంత? వీసాలో ఎంత కాలం మిగిలింది? వీసా మీద ఉన్నవారికి బ్యాంకులు పెట్టే షరతులు కాలంతోపాటు మారుతుంటాయి. మీరు మొదట తీసుకున్నప్పటి షరతులు కాదు, ఇవాళ్టివి మీకు వర్తిస్తాయి.

మన కుటుంబాల్లో ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఇక్కడ ఇల్లు కొన్న రెండేళ్లకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ఫ్లాట్ బుక్ చేసి, దానికి నెలనెలా ఇక్కడి నుంచే ఈఎంఐ పంపిస్తున్నవారు చాలామంది. పోర్టింగ్ దరఖాస్తులో ఇతర అప్పుల గురించి అడుగుతారు. ఇండియా అప్పు బ్రిటన్ క్రెడిట్ రికార్డులో కనిపించదు కదా అని వదిలేయకండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలా వెళ్లే ఆ డబ్బు కనిపిస్తూనే ఉంటుంది. దాచినట్టు తేలితే దరఖాస్తు పోవడంతో ఆగదు, మీ పేరు మీద మచ్చ పడుతుంది. నిజం చెప్పండి. అయితే ఆ ఈఎంఐ మేరకు అప్పు తీర్చగల మీ స్తోమత లెక్క తగ్గుతుందని ముందే తెలుసుకోండి. పోర్టింగ్‌కు ఏడాది ముందు ఇండియాలో కొత్త అప్పు తలకెత్తుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

మీరు బాగానే ఉన్నా ఇల్లు నచ్చక బ్యాంకు కాదనవచ్చు. దుకాణాల మీద ఉన్న ఫ్లాట్, మామూలు ఇటుక కట్టుబడి కాని ఇల్లు, లీజు తక్కువ మిగిలిన ఫ్లాట్ లాంటివాటికి కొన్ని బ్యాంకులు వెనకాడతాయి. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత బహుళ అంతస్తుల భవనాల బయటి గోడల భద్రత మీద పట్టింపు బాగా పెరిగింది. ఈడబ్ల్యూఎస్1 అనే ధ్రువపత్రం అడగడం అప్పటి పరిణామమే. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వంటగది ఎంత ఉందో చూసినట్టే ఇవీ అడగాలి.

పెద్ద ఇల్లు, చిన్న ఇల్లు

పెద్ద ఇంటికి మారితే పాత బాకీ సరిపోదు, పైన ఇంకొంత కావాలి. ఆ అదనపు భాగానికి పాత రేటు రాదు. ఇవాళ్టి రేటే. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బేస్ రేటు 2020 మార్చి నుంచి 2021 డిసెంబర్ దాకా 0.1 శాతమే ఉంది. 2023 ఆగస్టుకు అది 5.25 శాతానికి చేరింది, ఏడాదిపాటు అక్కడే నిలిచి 2024 ఆగస్టు నుంచి దిగడం మొదలైంది. చవక కాలంలో పదేళ్లకు ఫిక్స్ చేసుకున్నవారి చేతిలో ఉన్న రేటు మళ్లీ దొరికేది కాదు. అలాంటి వారికి పోర్టింగ్ విలువ చాలా ఎక్కువ.

ఒక లెక్క చూద్దాం. పాత బాకీ 2 లక్షల 10 వేల పౌండ్లు, 2.3 శాతం మీద. కొత్త ఇంటికి ఇంకో లక్షా 20 వేలు 4.6 శాతం మీద తీసుకోవాలి. రెండూ కలిపితే మొత్తం 3 లక్షల 30 వేల మీద సగటున పడే వడ్డీ సుమారు 3.14 శాతం. పాత రేటు వదిలేస్తే మొత్తానికీ 4.6 శాతం. ఏడాదికి తేడా 4,800 పౌండ్ల పైమాటే. ఈఆర్‌సీ కట్టకపోవడం ఇందులో కలపలేదు.

అయితే అప్పు ఇప్పుడు రెండు ముక్కలైంది. పాత ముక్క గడువు రెండేళ్లలో ముగుస్తుంది, అదనపు ముక్కను ఐదేళ్లకు ఫిక్స్ చేశారనుకోండి. రెండేళ్ల తర్వాత వేరే బ్యాంకుకు మారదామంటే రెండో ముక్క మీద ఈఆర్‌సీ అడ్డం పడుతుంది. రెండో ముక్క గడువు కోసం ఆగుదామంటే మొదటి ముక్కను మళ్లీ ఏదో ఒక రేటు మీద ఫిక్స్ చేయాలి. ఎప్పుడూ ఒక కాలు కట్టుబడే ఉంటుంది, ఆ బ్యాంకు ఏ రేటు ఇస్తే దానికి తలూపాల్సి వస్తుంది. అందుకే అదనపు భాగాన్ని పాతదాని గడువుకు వీలైనంత దగ్గరగా ముగిసే ఫిక్స్ మీద తీసుకోండి. కాస్త ఎక్కువ వడ్డీ అయినా ఫర్వాలేదు. లేదా బేస్ రేటుతోపాటు మారే, ఈఆర్‌సీ లేని ట్రాకర్ మీద తీసుకోండి. ఈ అదనపు భాగానికి విడిగా ప్రాడక్ట్ ఫీజు ఉంటుందన్నది కూడా లెక్కలో వేసుకోండి.

చిన్న ఇంటికి మారేవారి లెక్క వేరు. బాకీ 2 లక్షల 50 వేలు, కొత్త ఇంటికి లక్షా 80 వేలు చాలు అనుకుందాం. 70 వేలు తిరిగి కట్టేస్తున్నారు కనుక ఛార్జీ ఆ భాగానికి మాత్రమే పడుతుంది. చాలా బ్యాంకులు ఏటా బాకీలో 10 శాతం దాకా ఛార్జీ లేకుండా కట్టనిస్తాయి. అది 25 వేలు. మిగిలిన 45 వేల మీద 2 శాతం అయితే 900 పౌండ్లు. ఈ 10 శాతాన్ని ఏ తేదీ నుంచి ఏ తేదీకి లెక్కిస్తారు, అమ్మకం సమయంలో వాడుకోనిస్తారా అన్నది బ్యాంకును బట్టి మారుతుంది. క్యాలెండర్ ఏడాది ప్రకారం లెక్కించే బ్యాంకయితే డిసెంబర్‌లో ఒకసారి, జనవరిలో ఇంకోసారి ఆ వెసులుబాటు వాడుకున్నవారూ ఉంటారు.

ఛార్జీ కట్టడమే లాభమైనప్పుడు

ఈఆర్‌సీ తప్పించుకోవడమే గమ్యం అనుకుంటే కొన్నిసార్లు నష్టపోతాం. 2023లో రేట్లు నెత్తికెక్కినప్పుడు 5.8 శాతానికి ఐదేళ్లు ఫిక్స్ చేసుకున్న కుటుంబాన్ని తీసుకోండి. బాకీ 2 లక్షల పౌండ్లు, గడువు ఇంకా రెండేళ్లుంది, ఛార్జీ 2 శాతం. ఇవాళ వేరే బ్యాంకులో 4.3 శాతానికి దొరుకుతోంది. పాత రేటు మోసుకెళ్తే రెండేళ్లలో అదనంగా కట్టే వడ్డీ సుమారు 6,000 పౌండ్లు. ఛార్జీ కట్టి వదిలించుకుంటే 4,000. కొత్త బ్యాంకు ఫీజు ఓ వెయ్యి పోయినా ఇంకో వెయ్యి దాకా మిగులుతుంది. అసలు నెలనెలా తగ్గుతుంది కనుక కచ్చితమైన లెక్క ఇంకాస్త తక్కువే వస్తుంది. అయినా పోర్టింగ్ కోసం ప్రయాసపడాల్సిన అవసరం లేదని తెలియడానికి ఈ లెక్క చాలు. మీ అంకెలు పెట్టి మీరే వేసుకోండి: బాకీ, రెండు రేట్ల తేడా, మిగిలిన ఏళ్లు, వీటిని హెచ్చవేస్తే వచ్చేది ఒక పక్క. ఛార్జీ, ఫీజులు ఇంకో పక్క.

గడువు దగ్గరపడి ఉంటే అన్నిటికంటే చవకైన మందు ఓపిక. ఇంగ్లండ్‌లో ధర కుదిరాక కూడా చేతులు మారడానికి నెలలు పడుతుంది. ఈఆర్‌సీ అక్టోబర్ 31తో ముగుస్తుందంటే వేసవిలోనే అమ్మకానికి పెట్టి, ఇల్లు చేతులు మారే కంప్లీషన్ తేదీ నవంబర్ మొదటివారంలో ఉండాలని సొలిసిటర్‌కు మొదటిరోజే చెప్పండి. ఒప్పందం ఖరారయ్యే ఎక్స్ఛేంజ్ కాగితాల్లో ఆ తేదీ రాయించండి. కొనేవారు తొందరపడితే వారం రోజుల తేడా మీకు ఎన్ని వేల పౌండ్లో విడమరచి చెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు.

వరస తప్పకూడదు

అమ్మకం, కొనుగోలు ఒకే రోజున పూర్తయితే పోర్టింగ్ సాఫీగా సాగుతుంది. మధ్యలో ఖాళీ వస్తే అమ్మిన రోజున ఈఆర్‌సీ పట్టుకుంటారు. ఆ తర్వాత నిర్ణీత కాలంలో అదే బ్యాంకుతో కొత్త ఇల్లు కొంటే తిరిగి ఇస్తారు. ఆ కాలం కొన్నిచోట్ల 30 రోజులే, కొన్నిచోట్ల ఆరు నెలలు. ఒకదానితో ఒకటి ముడిపడిన అమ్మకాల చైన్‌లో మీ పైనున్నవారు తప్పుకుని మీ కొనుగోలు తెగిపోతే, మీరు అద్దె ఇంట్లో ఉండి కొత్త ఇల్లు వెతుక్కునేసరికి ఆ గడువు దాటిపోవచ్చు. కాబట్టి ఆ గడువు ఎంతో ఇల్లు అమ్మకానికి పెట్టకముందే తెలియాలి.

బ్యాంకుకు ఫోన్ చేసి, పోర్టింగ్ విభాగంతో మాట్లాడాలని అడగండి. ఇవాళ్టి ఆదాయంతో ఎంత దాకా ఇస్తారో డెసిషన్ ఇన్ ప్రిన్సిపుల్ తీసుకోండి. అమ్మకానికి, కొనుగోలుకు మధ్యలో ఖాళీ వస్తే ఏం చేస్తారు, అదనపు అప్పుకు ఏ రేట్లు అందుబాటులో ఉంటాయి, 10 శాతం వెసులుబాటు ఎలా లెక్కిస్తారు అని అడిగి, జవాబులు ఈమెయిల్‌లోనో ఆన్‌లైన్ మెసేజ్‌లోనో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్‌లో విన్నది రేపు వాదనకు నిలవదు. బ్రోకర్ ద్వారా వెళ్లాలనుకుంటే ఎఫ్‌సీఏ రిజిస్టర్‌లో వారి పేరు చూసుకోండి. మీ బ్యాంకుతో పోర్టింగ్, బయటి బ్యాంకులో కొత్త అప్పు, రెండిటి మొత్తం ఖర్చూ పక్కపక్కన పెట్టి చూపించమనండి. చూపించలేని బ్రోకర్ మీకు అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: కొత్త ఇంటికి సంబంధించిన మార్ట్‌గేజ్ ఆఫర్ కాగితం చేతికి రాకుండా ఎక్స్ఛేంజ్ చేయకండి. ఎక్స్ఛేంజ్‌తో ఇంగ్లండ్‌లో ఒప్పందానికి చట్టపరంగా కట్టుబడి తీరాల్సి వస్తుంది. వెనక్కి తగ్గితే సాధారణంగా ఇంటి ధరలో 10 శాతం ఉండే డిపాజిట్ పోతుంది. పాత ఇల్లు అమ్మేసి, కొత్తదానికి బ్యాంకు కాదంటే ముందు నుయ్యి, వెనుక గొయ్యి. స్కాట్లండ్‌లో కొనుగోలు పద్ధతి వేరు కనుక అక్కడివారు అక్కడి సొలిసిటర్‌నే అడగాలి.

ఇండియాలో ఇల్లున్నవారికి ఒక హెచ్చరిక. ఇంగ్లండ్‌లో రెండో ఇంటి మీద పడే అదనపు స్టాంప్ డ్యూటీ 2024 అక్టోబర్ 31 నుంచి 5 శాతం అయింది. ఈ లెక్కలో ప్రపంచంలో ఎక్కడున్న ఇల్లయినా వస్తుంది, హైదరాబాద్ ఫ్లాట్ కూడా. మీరు ఉంటున్న ఇల్లు అమ్మి, ఉండటానికే ఇంకోటి కొంటే ఆ అదనం పడదు. పాతది అమ్ముడుపోకముందే కొత్తది కొంటే ముందు కట్టి, మూడేళ్లలోపు పాతది అమ్మాక తిరిగి అడగాలి. పోర్టింగ్ తేదీలు తప్పితే దీనికీ దెబ్బే.

బ్యాంకు కాదంటే

కాదన్నదే చివరి మాట అనుకోకండి. కారణం అడగండి. ఇల్లు నచ్చకపోతే వేరే ఇల్లు చూడొచ్చు. ఆదాయం చాలకపోతే, సెలవులో ఉన్నవారు మళ్లీ పనిలోకి వెళ్లే తేదీ, జీతం చూపించే ఉత్తరాన్ని ఆఫీసు నుంచి తెచ్చి మళ్లీ అడగొచ్చు. కొన్ని బ్యాంకులు దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. మారడం ఉద్యోగం కోసమే అయితే, బ్యాంకు అనుమతితో పాత ఇల్లు అద్దెకిచ్చి, కొత్త ఊళ్లో కొంతకాలం అద్దెకుండి, ఈఆర్‌సీ గడువు ముగిశాక అమ్ముకోవచ్చు. అనుమతి లేకుండా అద్దెకివ్వడం షరతుల ఉల్లంఘన, ఆ పని చేయకండి.

రాతపూర్వకంగా చెప్పినదానికి బ్యాంకు విరుద్ధంగా నడిచినా, తిరిగిస్తామన్న ఛార్జీ ఇవ్వకపోయినా ముందు బ్యాంకుకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వారికి ఎనిమిది వారాల గడువుంటుంది. జవాబు రాకపోయినా, వచ్చింది సబబుగా అనిపించకపోయినా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్‌కు వెళ్లొచ్చు. బ్యాంకు తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. ఈమెయిళ్లు, ఆఫర్ లెటర్, రెడెంప్షన్ స్టేట్‌మెంట్ జత చేయండి. లాయరు అక్కర్లేదు, ఈ సేవకు మీ దగ్గర ఒక్క పెన్నీ కూడా తీసుకోరు.